భాగం 14 : పని అనుమతి లేని విదేశీ కార్మికుడు - గల్ఫ్ వలసల చారిత్రక పరిశీలన

14.0 లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరవాత మీరు:

• పని అనుమతి అనే ఏర్పాటు చరిత్రలో ఎప్పుడు, ఎందుకు వచ్చిందో వివరించగలుగుతారు.
• ఒప్పంద కూలీ పద్ధతికి, గల్ఫ్‌లోని కఫాలా పద్ధతికి మధ్య పోలికలను, తేడాలను గుర్తించగలుగుతారు.
• సక్రమంగా వెళ్లిన కార్మికుడు కాగితాలు లేనివాడిగా మారే దారులను విశ్లేషించగలుగుతారు.
• క్షమాభిక్షలు, చట్ట సంస్కరణలు ఎంతవరకు పనిచేశాయో చర్చించగలుగుతారు.

14.1 పరిచయం

గల్ఫ్ వలసల గురించి చదివేటప్పుడు సాధారణంగా ఆర్థిక కారణాలు, ఇంటికి పంపిన డబ్బు అనే రెండు విషయాలే ముందుకు వస్తాయి. ఈ భాగంలో అదే వలసను మరో వైపు నుంచి చూస్తాం. పరాయి దేశంలో పని అనుమతి లేకుండా పని వెతుక్కునే మనిషి ఈ పాఠానికి కేంద్రం. పత్రికలు అతన్ని ‘అక్రమ వలసదారు’ అంటాయి. గల్ఫ్‌తో సంబంధం ఉన్న తెలంగాణ పల్లెల్లో అతనికి ‘ఖల్లివెల్లి’ అని పేరు. ‘పోనీ, వదిలెయ్’ అనే అర్థంలో వాడే అరబ్బీ మాట ఇది. కంపెనీని వదిలి బయట పనిచేసుకునే కార్మికుడికి ఆ మాటే పేరుగా స్థిరపడింది.

మీలో కొందరికి ఇది పుస్తకంలోని విషయం మాత్రమే కాకపోవచ్చు. అన్నో, మేనమామో ఫోనులో “కాగితాలు సరిగా లేవు, ఈ ఏడు కూడా రాలేను” అనడం మీరు విని ఉండవచ్చు. ఆ మాట వెనక ఒక చట్టం ఉంది. ఆ చట్టం వెనక ఒక చరిత్ర ఉంది.

ఈ భాగం ప్రతిపాదించే వాదన ఇది. గల్ఫ్‌లో కాగితాలు లేకుండా ఉన్న కార్మికుల్లో అత్యధికులు సరిహద్దును దొంగచాటుగా దాటినవారు కారు. విమానం దిగి, పాస్‌పోర్టు మీద ముద్ర వేయించుకొని, అందరి ఎదుట వెళ్లినవారే. ఒక మనిషి పనిచేసే హక్కును ఒకే ఒక యజమానికి ముడివేసిన చట్టం వల్ల, ఆ ముడి తెగినరోజున వారు ‘అక్రమం’ అయ్యారు. కాబట్టి ‘అక్రమం’ అనేది మనిషి స్వభావం కాదు. అది చట్టం, అప్పు, ఏజెంటు, యజమాని కలిసి తయారుచేసే ఒక స్థితి. దీనికి ఆధారాలను కాలక్రమంలో పరిశీలిద్దాం.

14.2 పని అనుమతి ఎప్పుడు పుట్టింది?

పరాయి దేశంలో పనిచేయాలంటే అనుమతి పత్రం కావాలన్నది ఈనాడు అందరికీ సహజంగా తోస్తుంది. నిజానికి ఈ ఏర్పాటుకు వంద సంవత్సరాలకు మించి పెద్దగా వయసు లేదు. 19వ శతాబ్దంలో కోట్లాది మంది ఐరోపా వాసులు అట్లాంటిక్ దాటి అమెరికా ఖండాలకు వెళ్లారు. వారిలో చాలామందిని పని అనుమతి చూపమని ఎవరూ అడగలేదు. అయితే ఈ స్వేచ్ఛ అందరికీ సమానంగా దక్కలేదు. 1882లో అమెరికా చేసిన చట్టం చైనా కూలీల రాకను నిషేధించింది. 1917 చట్టం ఆసియాలోని చాలా ప్రాంతాల వారికి, భారతీయులతో సహా, తలుపులు మూసింది.

మొదటి ప్రపంచ యుద్ధం దీనిలో మలుపు. యుద్ధకాలంలో గూఢచారుల భయంతో పెట్టిన పాస్‌పోర్టు నియమాలు యుద్ధం ముగిశాక కూడా మిగిలిపోయాయి. ఫ్రాన్స్ 1917లో విదేశీయులకు గుర్తింపు కార్డు ప్రవేశపెట్టింది. బ్రిటన్ 1920లో చేసిన విదేశీయుల ఉత్తర్వు ప్రకారం, ఉద్యోగం కోసం వచ్చే విదేశీయుడికి కార్మిక మంత్రిత్వశాఖ ఇచ్చిన అనుమతి ఉండాలి. ఆ అనుమతిని పనివాడు కాక యజమాని తీసుకోవాలి. ఈ చిన్న నియమాన్ని గుర్తుంచుకోండి. మనిషి బదులు యజమాని చేతిలో కాగితం ఉండటం అనే అంశం ఈ పాఠంలో మళ్లీ మళ్లీ కనిపిస్తుంది.

ఈ చట్టాలు ఎవరిని శిక్షించాయన్నది కూడా గమనించాలి. అమెరికాలో అనుమతి లేకుండా పనిచేసిన విదేశీయుడిని వెనక్కి పంపే అధికారం ప్రభుత్వానికి చాలాకాలంగా ఉంది. కాని అలాంటివారిని తెలిసి పనిలో పెట్టుకోవడం యజమాని చేసిన నేరమని ఆ దేశపు కేంద్ర చట్టం చెప్పింది 1986లో మాత్రమే. అదే చట్టం కింద సుమారు 27 లక్షల మందికి చట్టబద్ధమైన నివాస హోదా లభించింది. పనివాడి తప్పుకు, యజమాని తప్పుకు చట్టం వేసిన తూకాలు చాలాకాలం వేరువేరుగా ఉన్నాయని దీన్నిబట్టి తెలుస్తుంది.

14.3 తెలుగు కూలీలు: ఒప్పంద పద్ధతి నుంచి బర్మా దాకా

బ్రిటిష్ సామ్రాజ్యంలో బానిసత్వం రద్దయ్యాక 1834 నుంచి భారతీయ ఒప్పంద కూలీలను మారిషస్‌కు తరలించడం మొదలైంది. మద్రాసు రాష్ట్రంలోని తెలుగు జిల్లాల నుంచి కూడా మారిషస్‌కు, 1860 నుంచి దక్షిణాఫ్రికాలోని నటాల్‌కు, 1903 నుంచి ఫిజీకి కూలీలు వెళ్లారు. సాధారణంగా ఒప్పందం 5 సంవత్సరాలు. ఓడ ఖర్చు తోట యజమానుల వైపునుంచి వచ్చేది. అయితే ఒప్పంద కాలంలో తోటను విడిచిపోవడం నేరం. దాన్ని ‘పారిపోవడం’ కింద లెక్కించి జైలుకు పంపేవారు. మారిషస్‌లో 1867 చట్టం తరవాత, ఒప్పందం ముగిసిన పాత కూలీలు కూడా ఫోటో అంటించిన పాసు వెంట ఉంచుకోవలసి వచ్చింది. పాసు లేకుండా దొరికితే శిక్ష. ‘కాగితం లేని మనిషి’ని పట్టుకోవడం అనే పద్ధతి ఇంత పాతది. తీవ్రమైన నిరసనల తరవాత 1917లో ఈ పద్ధతి కింద కూలీల సేకరణ ఆగిపోయింది.

బర్మా వలస దీనికి భిన్నం. అక్కడికి కోరంగి, కాకినాడ, విశాఖపట్నం రేవుల నుంచి తెలుగువారు మేస్త్రీల వెంట వెళ్లేవారు. రంగూన్ రేవులో సరుకు మోసిన కూలీల్లో తెలుగువారే ఎక్కువ. కోరంగి రేవు పేరుమీద వారిని ‘కోరంగీలు’ అనేవారు. బర్మా అప్పుడు బ్రిటిష్ ఇండియాలో ఒక రాష్ట్రం కాబట్టి పాస్‌పోర్టుతో గాని పని అనుమతితో గాని నిమిత్తం లేదు. మేస్త్రీకి పడిన అప్పు మాత్రం ఉండేది.

ఆర్థిక మాంద్యం వచ్చాక పరిస్థితి మారింది. 1930 మే నెలలో రంగూన్ రేవులో తెలుగు కూలీలకు, బర్మా కూలీలకు మధ్య పని విషయంలో తలెత్తిన వివాదం రక్తపాతానికి దారితీసింది. 1937లో బర్మాను భారతదేశం నుంచి వేరుచేశారు. 1941లో రెండు ప్రభుత్వాల మధ్య కుదిరిన ఒప్పందం భారతీయుల రాకకు అనుమతి పత్రాల పద్ధతిని నిర్ణయించింది. జపాను దాడితో, 1942లో లక్షలాది భారతీయులు కాలినడకన, ఓడల్లో తిరిగిరావడంతో ఆ కథ మరో మలుపు తిరిగింది.

ఇక్కడ గమనించవలసింది ఒకటుంది. అదే రేవు, అదే మూట, అదే మనిషి. 1936లో అతను సామ్రాజ్యంలో ఒక రాష్ట్రం నుంచి మరో రాష్ట్రానికి వెళ్లిన కూలీ. అయిదేళ్లకు అతను అనుమతి అవసరమైన విదేశీయుడు. మారినది మనిషి కాదు, గీత.

మీ ప్రగతిని సరిచూసుకోండి
1. 1920 నాటి బ్రిటిష్ ఉత్తర్వులో పని అనుమతిని ఎవరు తీసుకోవాలి?
2. బర్మాకు వెళ్లిన తెలుగు కూలీలకు 1937కు ముందు అనుమతి పత్రం ఎందుకు అవసరం లేదు?

14.4 గల్ఫ్ చమురు, కఫాలా పద్ధతి

చమురు దొరకక ముందు గల్ఫ్ తీరంలో ప్రధాన జీవనాధారం ముత్యాల వేట. బ్రిటన్ ఆ తీరంలోని చిన్న రాజ్యాలతో ఒప్పందాలు చేసుకొని వాటి విదేశీ వ్యవహారాలను తన చేతిలో ఉంచుకుంది. 1960ల దాకా అక్కడి చాలా బజార్లలో భారత రూపాయి లేదా గల్ఫ్ కోసం ముద్రించిన రూపాయి చెలామణిలో ఉండేది. బయటినుంచి వచ్చిన మనిషికి స్థానికుడొకడు హామీగా నిలబడటం అరబ్బు సమాజంలో పాత ఆచారం. హామీ ఉన్నవాడు ‘కఫీల్’, ఆ పద్ధతి ‘కఫాలా’. అతిథికి రక్షణగా పుట్టిన ఈ ఆచారం కార్మికుల మీద అదుపుగా మారడానికి బ్రిటిష్ పాలనాధికారుల నియమాలు కారణమని కొందరు చరిత్రకారులు వాదిస్తారు. విదేశీ ముత్యపు వేటగాళ్లకు పడవ యజమానులను బాధ్యులుగా చేసిన బహ్రెయిన్ నియమాలను వారు ఉదాహరణగా చూపుతారు. కువైట్‌లో విదేశీయుల నివాస చట్టం 1959లో వచ్చింది. అప్పటికి కువైట్ ఇంకా స్వతంత్రం కాలేదు.

1973లో చమురు ధర ఒక్కసారిగా దాదాపు నాలుగు రెట్లయింది. రోడ్లు, రేవులు, భవనాలు కట్టడానికి మనుషులు కావాలి. మొదట ఈజిప్టు, యెమెన్, పాలస్తీనా వంటి అరబ్బు ప్రాంతాల వారు వచ్చారు. తరవాత దక్షిణాసియా కార్మికుల సంఖ్య వేగంగా పెరిగింది. ఖతార్, యు.ఎ.ఇ. వంటి దేశాల్లో నేడు సొంత పౌరులు మొత్తం జనాభాలో అయిదో వంతు కూడా లేరు. పౌరసత్వం ఇవ్వకుండా, శాశ్వతంగా స్థిరపడనివ్వకుండా, పని మాత్రం చేయించుకోవడానికి ఈ పాలకులకు కఫాలా సాధనమైంది.

ఈ పద్ధతిలో కార్మికుడి వీసా, నివాస పత్రం, ఉద్యోగం మూడూ కఫీల్‌కు ముడిపడి ఉంటాయి. నివాస పత్రాన్ని సౌదీలో ‘అకామా’ అంటారు. చాలాకాలం పాటు కఫీల్ సమ్మతి లేకుండా ఉద్యోగం మారడానికి వీలు లేదు. సౌదీ, ఖతార్ వంటి చోట్ల దేశం విడిచి ఇంటికి రావడానికి కూడా అతని అనుమతి కావలసి వచ్చేది. పని విడిచిపోయాడని కఫీల్ ఫిర్యాదు చేస్తే సౌదీలో దాన్ని ‘హురూబ్’ అంటారు. ఆ మాటకు అర్థం పారిపోవడం. మారిషస్ తోటల్లో వాడిన నేరం పేరుతో దీన్ని పోల్చి చూడండి.

పోలికలతోపాటు తేడాలను కూడా గుర్తించాలి. ఒప్పంద కూలీకి ప్రయాణ ఖర్చు యజమాని వైపునుంచి వచ్చేది. గల్ఫ్ కార్మికుడు సాధారణంగా తానే అప్పుచేసి ఆ ఖర్చు పెట్టుకుంటాడు. ఒప్పంద కూలీ 5 సంవత్సరాల తరవాత అక్కడే స్థిరపడగలిగాడు. అందుకే మారిషస్, ఫిజీ, దక్షిణాఫ్రికాల్లో నేటికీ తెలుగు కుటుంబాలున్నాయి. గల్ఫ్‌లో 30 ఏళ్లు పనిచేసినా కార్మికుడికి ఆ దారి లేదు. మరోవైపు గల్ఫ్‌కు వెళ్లేవాడికి ముందే వెళ్లివచ్చినవారి అనుభవం తెలుసు, తెలిసే వెళతాడు. అందుచేత కఫాలాను ఒప్పంద కూలీ పద్ధతికి నకలు అనడం తొందరపాటు అవుతుంది.

14.5 తెలుగు నేల నుంచి గల్ఫ్‌కు

హైదరాబాద్‌కు అరబ్బు ప్రాంతాలతో సంబంధం చమురు కంటే పాతది. నిజాం సైన్యంలో పనిచేసిన యెమెన్ మూలాల కుటుంబాలు బార్కస్ ప్రాంతంలో ఇప్పటికీ ఉన్నాయి. 1970ల తరవాత వలస నగరం నుంచి పల్లెలకు పాకింది. ఉత్తర తెలంగాణలోని కరీంనగర్, నిజామాబాద్, ఆదిలాబాద్ జిల్లాల నుంచి, రాయలసీమలో కడప జిల్లా నుంచి, కోస్తాలో ఉభయ గోదావరి జిల్లాల నుంచి వేలాది మంది వెళ్లారు. వర్షాధార సేద్యం, ఎండిన బోర్లు, సిరిసిల్ల వంటి చోట్ల మగ్గాల సంక్షోభం తెలంగాణ వలసకు కారణాలయ్యాయి. ‘బొంబాయి, బొగ్గుబాయి, దుబాయి’ అన్న నానుడి ఆ ప్రాంతపు కార్మికుడి ముందున్న మూడు దారులను చెబుతుంది. కోనసీమ, కడప ప్రాంతాల నుంచి ఇంటిపనికి కువైట్, మస్కట్ వెళ్లినవారిలో మహిళలు గణనీయంగా ఉన్నారు.

14.6 కాగితాలు లేని స్థితికి దారులు

సక్రమంగా వెళ్లిన మనిషి అనుమతి లేనివాడిగా మారే దారులు ముఖ్యంగా నాలుగు.

మొదటిది విజిట్ వీసా. ఉద్యోగ వీసా కంటే త్వరగా దొరుకుతుంది. “అక్కడికి పోయాక కంపెనీ వీసాగా మార్పిస్తా” అని ఏజెంటు చెబుతాడు. మార్చకపోతే, గడువు తీరిన రోజునుంచి ఆ మనిషి అనుమతి లేనివాడు. జరిమానా రోజు లెక్కన పెరుగుతుంది.

రెండవది ‘ఆజాద్ వీసా’. ఆజాద్ అంటే స్వేచ్ఛ. కాని ఆ పేరుతో ఏ దేశ చట్టంలోనూ వీసా లేదు. ఒక కఫీల్ తన పేరుమీద వీసా తీసి అమ్ముతాడు. కార్మికుడు ఏటా అతనికి కొంత సొమ్ము కట్టి, బయట ఎక్కడ పని దొరికితే అక్కడ చేసుకుంటాడు. అతని దగ్గర కాగితం ఉంటుంది గాని, కాగితంలో ఉన్న యజమాని వేరు, పని ఇచ్చే యజమాని వేరు. తనిఖీ జరిగిన రోజున అతను దోషి. వీసా అమ్మినవాడు చాలాసార్లు తెరవెనకే ఉండిపోతాడు.

మూడవది కంపెనీ విడిచిపోవడం. జీతం అందకపోవడం, చెప్పిన పని ఒకటి, ఇచ్చిన పని ఒకటి కావడం, దెబ్బలు తినడం దీనికి కారణాలు. బయట కూలి ఎక్కువ దొరుకుతుందన్న ఆశ కూడా ఒక కారణమే. దాన్ని దాచవలసిన అవసరం లేదు.

నాలుగవది కార్మికుడి ప్రమేయం లేకుండానే జరుగుతుంది. కంపెనీ మూతపడుతుంది, లేదా యజమాని అకామా గడువును పొడిగించడు. కార్మికుడు మునుపటి పనిలోనే, మునుపటి గదిలోనే ఉంటాడు, చట్టం దృష్టిలో మాత్రం మారిపోతాడు.

ఒక ఊహాత్మక ఉదాహరణతో దీన్ని అర్థం చేసుకుందాం. జగిత్యాల దగ్గరి పల్లె నుంచి ఒక యువకుడు వెళ్లాడనుకోండి. ఏజెంటుకు ఇచ్చిన 1,50,000 రూపాయలు నూటికి నెలకు 3 రూపాయల వడ్డీకి తెచ్చినవి. అంటే వడ్డీయే నెలకు 4,500, సంవత్సరానికి 54,000 రూపాయలు. అక్కడ కంపెనీ 4 నెలలు జీతం ఇవ్వలేదు. ఉద్యోగం మారడానికి యజమాని ఒప్పుకోడు. ఇంటికి వస్తే అసలు, వడ్డీ రెండూ నెత్తిమీద ఉంటాయి. అతని ముందున్న మూడు దారుల్లో రెండు మూసుకుపోయాయి. మూడవది బయటికి నడిచి ఖల్లివెల్లి కావడం. చట్టం ఈ మూడో అడుగును మాత్రమే నమోదు చేస్తుంది. దానికి ముందున్న నాలుగు నెలల జీతం ఎక్కడా నమోదు కాదు.

కొన్నిసార్లు రక్షణ కోసం చేసిన నియమమే ఈ స్థితికి దారితీస్తుంది. అణచివేతకు గురవుతారన్న ఆందోళనతో, చదువు తక్కువగల 30 ఏళ్లలోపు మహిళలను ఇంటిపనికి గల్ఫ్ పంపరాదని భారత ప్రభుత్వం నియమం పెట్టింది. ఉద్దేశం మంచిదే. కాని ఇంట్లో అవసరం ఆగలేదు. నియమాన్ని తప్పించుకోవడానికి కొందరు విజిట్ వీసా మీద వెళ్లారు. సక్రమమైన దారి మూసిన కొద్దీ ఏజెంటు చెప్పే దారే మిగిలింది.

14.7 అనుమతి లేనివాడికి పని ఎలా దొరుకుతుంది?

అనుమతి లేని మనిషికి ప్రకటనలు, దరఖాస్తులు ఉపయోగపడవు. అతని ఉద్యోగ కార్యాలయం ఊరివాళ్ల గది. ఒకే మండలం వారు ఒక గదిలో పదిమంది ఉంటారు. వారిలో ఒకరికి తెలిసిన చిన్న కాంట్రాక్టరు, మరొకరికి తెలిసిన తోట, ఇంకొకరు బండ్లు కడిగే చోటు ద్వారా పని దొరుకుతుంది. ఉదయం కూలీలు గుమికూడే అడ్డాల దగ్గర నిలబడేవారూ ఉంటారు. మన పట్టణాల్లోని కూలీ అడ్డాకు దానికి పెద్ద తేడా లేదు, పోలీసు బండి భయం తప్ప.

యజమానికి ఇందులో లాభం స్పష్టం. వీసా రుసుము లేదు, బీమా లేదు, ఉద్యోగం ముగిశాక ఇవ్వవలసిన సొమ్ము లేదు. యు.ఎ.ఇ. 2009లో జీతాలను బ్యాంకుల ద్వారా చెల్లించి పర్యవేక్షించే పద్ధతి తెచ్చింది. అనుమతి లేనివాడి కూలి అందులోకి రాదు. అది చేతికిస్తే ఇచ్చినట్టు, లేకపోతే లేదు. ఫిర్యాదు చేయాలంటే ముందు తన కాగితం చూపాలి. జబ్బు చేసినా ఆసుపత్రి గుమ్మంలో అదే ప్రశ్న. ఇంట్లో తండ్రి చనిపోయినా వెంటనే బయలుదేరలేడు. రాయబార కార్యాలయం ఇచ్చే ‘ఔట్‌పాస్’ కావాలి, జరిమానా తేలాలి. రోజు కూలి కొన్నిసార్లు కంపెనీ జీతం కంటే ఎక్కువగా ఉండటం నిజమే. ఆ ఎక్కువ మొత్తం ఈ నష్టాలన్నిటికీ అతను ముందుగా తీసుకున్న వెల అని ఆర్థికచరిత్ర విద్యార్థి గుర్తించాలి.

14.8 తనిఖీలు, క్షమాభిక్షలు, సంస్కరణలు

కాగితాలు లేనివారిపట్ల గల్ఫ్ ప్రభుత్వాల వైఖరి రెండు కొసల మధ్య ఊగుతూ వచ్చింది. పని ఎక్కువగా ఉన్న కాలంలో చూసీ చూడనట్టుండటం ఒకటి. రాజకీయ అవసరమో, నిరుద్యోగమో పెరిగినప్పుడు ఒక్కసారిగా తనిఖీలు జరపడం రెండవది. 1990లో ఇరాక్ కువైట్‌ను ఆక్రమించినప్పుడు యెమెన్ ప్రభుత్వ వైఖరి నచ్చక, సౌదీ అరేబియా యెమెనీలకు అంతవరకు ఉన్న కఫీల్ మినహాయింపును రద్దుచేసింది. తరాలుగా పనిచేసినవారు సహా లక్షలాది మంది కొద్ది వారాల్లో వెళ్లిపోయారు. అదే యుద్ధకాలంలో భారత ప్రభుత్వం కువైట్, ఇరాక్‌ల నుంచి 1,70,000 మందికి పైగా భారతీయులను అమ్మాన్ మీదుగా తరలించింది.

2011లో సౌదీ ‘నితాఖత్’ అనే విధానం ప్రకటించింది. ప్రతి సంస్థ నిర్ణీత నిష్పత్తిలో సౌదీ పౌరులను నియమించాలి. 2013లో, తన కఫీల్ దగ్గర కాక మరొకచోట పనిచేసేవారిపై చర్యలు మొదలయ్యాయి. ముందు జూలై దాకా, తరవాత నవంబరు తొలి వారం దాకా గడువు ఇచ్చారు. ఆ గడువులో లక్షలాది మంది విదేశీ కార్మికులు కాగితాలు సరిచేసుకున్నారు, లేదా ఇళ్లకు తిరిగివచ్చారు. తెలంగాణ, ఆంధ్ర, కేరళ పల్లెలకు ఆ సంవత్సరం ఇప్పటికీ గుర్తు.

జరిమానా లేకుండా వెళ్లిపోవడానికి, లేదా కాగితాలు సరిచేసుకోవడానికి ఇచ్చే గడువును ‘క్షమాభిక్ష’ అంటారు. యు.ఎ.ఇ. 1996, 2003, 2007, 2012, 2018, 2024 సంవత్సరాల్లో క్షమాభిక్ష ప్రకటించింది. కువైట్ 2018, 2020, 2024లో ప్రకటించింది. ఈ సంవత్సరాల వరసను ఒకసారి చూడండి. తప్పు కార్మికుడిలోనే ఉంటే ఒక క్షమాభిక్షతో సమస్య తీరాలి. అయిదారేళ్లకొకసారి అదే సమస్య కొత్తగా తయారవుతున్నదంటే, తయారుచేసే యంత్రం ఆగలేదని అర్థం.

ఆ యంత్రాన్ని సరిచేసే ప్రయత్నాలు కూడా జరిగాయి. బహ్రెయిన్ 2009లో యజమాని సమ్మతి లేకుండా ఉద్యోగం మారే వీలు కల్పించింది. 2017లో కాగితాలు కోల్పోయిన కొందరు కార్మికులు కఫీల్ లేకుండా తమ పేరుమీదే అనుమతి తీసుకునే పథకం తెచ్చింది. రుసుము భారం కార్మికుడి మీదే పడింది. 2022లో దాని స్థానంలో మరో పద్ధతి వచ్చింది. ప్రపంచ ఫుట్‌బాల్ పోటీలకు ముందు అంతర్జాతీయ విమర్శలు ఎదుర్కొన్న ఖతార్ 2020లో ఉద్యోగ మార్పుకు యజమాని అభ్యంతరం లేదన్న పత్రం అక్కరలేదంది, కనీస వేతనం నిర్ణయించింది. సౌదీ 2021లో కొన్ని వర్గాల కార్మికులకు ఇలాంటి వెసులుబాటే ఇచ్చింది. ఇంటిపనివారు దాని పరిధిలోకి రాలేదు. మొత్తంమీద ముడి వదులైంది, తెగలేదు.

మీ ప్రగతిని సరిచూసుకోండి
3. ఆజాద్ వీసా మీద పనిచేసే కార్మికుడి దగ్గర కాగితం ఉన్నా అతను ఎందుకు దోషి అవుతాడు?
4. క్షమాభిక్షలు పదేపదే ప్రకటించవలసి రావడం దేనిని సూచిస్తుంది?

14.9 భారత చట్టం, అంతర్జాతీయ ప్రమాణాలు

భారతదేశంలో వలసలను నియంత్రించిన 1922 చట్టం స్థానంలో 1983లో వలసల చట్టం వచ్చింది. దీని ప్రకారం విదేశీ ఉద్యోగాలకు మనుషులను సేకరించే ఏజెంటు నమోదై ఉండాలి. పదో తరగతి పాసుకాని వారు గల్ఫ్ దేశాలతో సహా ప్రభుత్వం గుర్తించిన దేశాలకు ఉద్యోగానికి వెళ్లాలంటే వలసదారుల సంరక్షకుడి కార్యాలయం అనుమతి కావాలి. ఈ కార్యాలయం ఒకటి హైదరాబాద్‌లో ఉంది. ఈ అనుమతితో వెళ్లేవారికి ప్రవాసీ భారతీయ బీమా వర్తిస్తుంది. విజిట్ వీసా మీద వెళ్లినవారు ఈ రికార్డుల్లో లేరు. ఆపద వచ్చినప్పుడు ఆ లేకపోవడం బయటపడుతుంది.

నమోదు లేకుండా ఏజెంటు పని చేసినవారికి 1983 చట్టం చెప్పిన శిక్ష 2 సంవత్సరాల వరకు జైలు, 2,000 రూపాయల వరకు జరిమానా. పైన చెప్పిన ఉదాహరణలో యువకుడు కట్టే ఒక్క నెల వడ్డీలో ఈ జరిమానా సగం కూడా లేదు. ఇటీవలి సంవత్సరాల్లో ఇంటిపనికి వెళ్లే మహిళలను ప్రభుత్వ సంస్థల ద్వారా మాత్రమే పంపాలని నియమం వచ్చింది. తెలంగాణలో టామ్‌కామ్, ఆంధ్రప్రదేశ్‌లో ఓంక్యాప్ ఇలాంటి సంస్థలు.

అంతర్జాతీయంగా 1975 ముఖ్యమైన సంవత్సరం. ‘అక్రమ’ అనే మాటకు బదులు ‘పత్రాలు లేని’ లేదా ‘క్రమబద్ధం కాని’ కార్మికులు అనాలని ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ ఆ ఏడు సూచించింది. అదే ఏడు అంతర్జాతీయ కార్మిక సంస్థ చేసిన 143వ ఒడంబడిక, అనుమతి లేకుండా చేసినదైనా, చేసిన పనికి కూలి దక్కాలన్నది. 1990 నాటి వలస కార్మికుల హక్కుల ఒడంబడిక దీన్ని విస్తరించింది. అది 2003లో అమలులోకి వచ్చింది. గల్ఫ్ దేశాలు గాని, భారతదేశం గాని దానిలో చేరలేదు.

ఆతిథ్య దేశానికి తన సరిహద్దును, ఉద్యోగాలను నియంత్రించే హక్కు ఉంది. దాన్ని ఈ ఒడంబడికలు కాదనలేదు. అవి చెప్పింది ఒక్కటే. మనిషిని వెనక్కి పంపే అధికారం, అతను అప్పటికే చేసిన పనికి కూలి ఎగ్గొట్టే అధికారం ఒకటి కాదు.

14.10 సారాంశం

పని అనుమతి మొదటి ప్రపంచ యుద్ధం తరవాత స్థిరపడిన ఏర్పాటు. తెలుగు కూలీలు ఒప్పంద పద్ధతిలో, మేస్త్రీ పద్ధతిలో, కఫాలా పద్ధతిలో మూడు తీర్లుగా విదేశాల్లో పనిచేశారు. మేస్త్రీ, కఫాలా పద్ధతుల్లో అప్పు ఉంది. మొదటిదానిలోను, మూడవదానిలోను యజమానిని విడిచిపోవడం నేరమైంది. గల్ఫ్‌లో కాగితాలు లేని స్థితి ఎక్కువగా విజిట్ వీసా, ఆజాద్ వీసా, కంపెనీని విడవడం, యజమాని నిర్లక్ష్యం అనే నాలుగు దారుల్లో వస్తుంది. దాని లాభం యజమానికి, వీసా అమ్మినవాడికి, ఏజెంటుకు చేరితే, శిక్ష కార్మికుడికి చేరుతుంది. ఈసారి పత్రికలో ‘అక్రమ వలసదారుల అరెస్టు’ అన్న శీర్షిక చూసినప్పుడు, వారు ఏ వీసా మీద వెళ్లారు, అది ఎవరు అమ్మారు, చివరి జీతం ఎప్పుడు అందింది అనే మూడు ప్రశ్నలు వేసుకోండి. మీ ఊళ్లో ఎవరైనా ప్రయాణానికి సిద్ధమవుతుంటే, ఏజెంటుకు డబ్బు కట్టకముందే ఆ ప్రశ్నల్లో మొదటి రెండూ వారితో కలిసి అడగండి.

14.11 ముఖ్య పదాలు

కఫీల్ : విదేశీ కార్మికుడికి వీసా హామీదారు, చట్టరీత్యా యజమాని.
అకామా : సౌదీ అరేబియాలో విదేశీయుడి నివాస పత్రం.
హురూబ్ : కార్మికుడు పని విడిచి పారిపోయాడని కఫీల్ చేసే ఫిర్యాదు.
ఖల్లివెల్లి : కంపెనీని విడిచి అనుమతి లేకుండా బయట పనిచేసే కార్మికుడు.
ఔట్‌పాస్ : పాస్‌పోర్టు లేనివారు స్వదేశానికి రావడానికి రాయబార కార్యాలయం ఇచ్చే ప్రయాణ పత్రం.

14.12 మాదిరి పరీక్ష ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. ఒప్పంద కూలీ పద్ధతిని, కఫాలా పద్ధతిని పోల్చి, తేడాలను వివరించండి.
2. గల్ఫ్‌లో ‘కాగితాలు లేని స్థితి’ చట్టం తయారుచేసినదన్న వాదనను ఉదాహరణలతో పరిశీలించండి.

II. కింది ప్రశ్నలకు 10 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. బర్మాలో తెలుగు కూలీల హోదా 1937 తరవాత ఎలా మారింది?
2. నితాఖత్ విధానం గురించి రాయండి.
3. మహిళల రక్షణకు పెట్టిన వయసు నియమం వల్ల కలిగిన అనుకోని ఫలితం ఏమిటి?